ఒకటా, పదకొండా, మూడా? మారిషస్ పన్ను లెక్క

మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. ఒకప్పుడు కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల వారసులు అక్కడ ఇప్పటికీ పండగ చేసుకుంటారు. పన్నెండున్నర లక్షల మందున్న ఆ దేశం ఇరవై ఏళ్లలో ఆదాయపు పన్నును మూడు తీర్ల మార్చి చూసింది. వాటిలో ఏది మేలు?

మొదటిది 2006 నాటి ఒకే రేటు. అప్పటికి బట్టల ఎగుమతులకు రక్షణగా ఉన్న కోటాలు 2005తో పోయాయి. చక్కెరకు ఐరోపా ఇచ్చే ధరలో 36 శాతం కోత ఖాయమైంది. పెట్టుబడి రావాలంటే పన్ను తేలిక కావాలని ఆర్థిక మంత్రి రామ సితానెన్ వ్యక్తులకూ కంపెనీలకూ 15 శాతమే అన్నారు. అంతకుముందు వ్యక్తులకు పై రేటు 30, కంపెనీలకు 25. చిల్లర మినహాయింపులన్నీ ఎత్తేసి, ఇంత దాకా పన్ను లేదంటూ ఒక్క పరిమితి పెట్టారు. చాలామంది ఈ సంస్కరణ సులువును ఒకే రేటు ఖాతాలో వేస్తారు. నేను ఒప్పుకోను. మన దగ్గర పొదుపు మీద పన్ను మినహాయింపు ఇచ్చే 80సి కాగితాల కోసం మార్చిలో పరుగులు పెట్టినవాళ్లకు తెలుసు, తలనొప్పంతా మినహాయింపులతోనే. రేట్లు ఎన్నున్నా గుణించేది కంప్యూటరే కదా.

ఇంకో సంగతి. ఆ ఒకే రేటుకు తోడుగా ఇళ్ల మీదా పన్ను వేశారు. ఆస్తి ఉన్నవాళ్ల నుంచి కొంత రాబట్టాలన్నది ఉద్దేశం. జనం మండిపడ్డారు, 2010లో దాన్ని తీసేశారు. రేటు తగ్గింపు మాత్రం నిలిచింది.

రెండోది 2023లో వచ్చింది. సున్నా నుంచి 20 శాతం దాకా రెండేసి శాతం మెట్లతో పదకొండు శ్లాబులు. 3,90,000 రూపాయల దాకా పన్ను లేదు (అక్కడి రూపాయి మనవి దాదాపు రెండు). మూడోది 2025 బడ్జెట్‌లో ప్రధాని నవీన్ రామ్‌గూలాం తెచ్చింది: 5 లక్షల దాకా సున్నా, పది లక్షల దాకా 10 శాతం, ఆపైన 20.

లెక్క వేసి చూద్దాం. పోలిక కుదరడానికి ఒకే రేటుకూ 3,90,000 మినహాయింపే ఉందనుకుందాం. పన్ను వర్తించే ఆదాయం ఏటా 5 లక్షలైతే ఒకే రేటులో 16,500, పదకొండు శ్లాబుల్లో 4,200, మూడింటిలో సున్నా. పది లక్షలకు వరసగా 91,500, 54,000, 50,000. ఇరవై లక్షల దగ్గర కథ తిరగబడుతుంది: 2,41,500, 1,98,600, 2,50,000. అంటే పదకొండు మెట్ల నిచ్చెన బాగా అచ్చొచ్చింది పేదవాడికి కాదు, బాగానే సంపాదిస్తున్న ఉద్యోగికి.

జీతాల వరకే చూస్తే నా ఓటు మూడు శ్లాబులకే. జీతం చీటీ చూసి ఎవరైనా నోటి లెక్కతో సరిచూసుకోవచ్చు, కింది వాడికి ఊరట ఉంది, పై వాడు తప్పించుకోడు. పైగా ప్రభుత్వ అప్పు జీడీపీలో దాదాపు 90 శాతానికి చేరినప్పుడు ఇరవై లక్షల వాడికి రాయితీ ఇవ్వడం ఏ రకంగానూ సమర్థించలేం. 2025 బడ్జెట్‌లోనే వృద్ధాప్య పింఛను వయసును 60 నుంచి మెల్లగా 65కి జరుపుతున్నారు. ఆ భారం పడేది అరవైకి దగ్గరపడ్డ కూలి మీద కూడా.

అయితే శ్లాబులన్నీ జీతగాణ్నే పట్టుకుంటాయి. అక్కడ ఆస్తులు, వాటాలు అమ్మితే వచ్చే మూలధన లాభాల మీద పన్ను లేదు, వారసత్వ పన్ను లేదు, స్థానిక కంపెనీలు వాటాదారులకు పంచే డివిడెండ్లకు మామూలు ఆదాయపు పన్ను పడదు. భూములూ వాటాలూ ఉన్న కుటుంబాలకు పదకొండైనా ఒకటే, మూడైనా ఒకటే. డివిడెండ్లను కూడా లెక్కలోకి తీసుకున్న సాలిడారిటీ లెవీని (ఎక్కువ ఆదాయం వాళ్ల మీది అదనపు పన్ను) 2023లో ఎత్తేశారు. 2025లో, ఏటా కోటీ 20 లక్షలు దాటిన ఆదాయంపై 15 శాతం అదనంగా వేశారు, అదీ మూడేళ్లకే.

వ్యాట్ సంగతి వేరే. 1998లో 10 శాతంతో మొదలై 2002 నుంచి 15 దగ్గరే ఉంది. 5 లక్షల వాడికి ఆదాయపు పన్ను సున్నా అయింది గానీ, సబ్బు కొన్నప్పుడు వాడు కట్టేదీ, ఇరవై లక్షల వాడు కట్టేదీ అదే పదిహేను.