డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో మెయిల్ అందుకోవడం: పాప్3 మేలా, ఐమ్యాప్ మేలా?

డెస్క్‌టాప్ అప్లికేషన్ నుంచి మెయిల్ పంపడానికి పెద్దగా ఆలోచించేదేమీ లేదు. ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే పద్ధతి), 587 పోర్టు (సర్వర్‌లో కనెక్షన్ కలిసే ద్వారం నంబరు), టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఎవరూ చదవకుండా కాపాడే రక్షణ) ఉంటే చాలు. తేల్చుకోవలసింది అందుకునే దగ్గరే. సర్వర్ నుంచి మెయిల్ అందుకోవడానికి పాప్3, ఐమ్యాప్ అని రెండు పద్ధతులున్నాయి.

పాప్3ది సూటి వ్యవహారం: మెయిళ్లను మన కంప్యూటర్‌కు తెచ్చుకుని, సాధారణంగా సర్వర్‌లో చెరిపేయడమే. 995 పోర్టులో లాగిన్ అయ్యాక ‘స్టాట్’ అంటే ఎన్ని మెయిళ్లున్నాయో చెబుతుంది, ‘రెటర్ 1’ అంటే మొదటిది చేతిలో పెడుతుంది. ‘డెలె’ (చెరిపెయ్) అన్నా, ‘క్విట్’ (ఇక ముగించు) చెప్పేదాకా ఏదీ చెరిగిపోదు. మధ్యలో కనెక్షన్ తెగితే అవే మెయిళ్లు మళ్లీ వస్తాయి. అందుకే ‘యూఐడీఎల్’ అనే ఆదేశం ఒక్కో మెయిల్‌కు ఇచ్చే గుర్తింపును డేటాబేస్‌లో దాచుకోవాల్సిందే. లేకపోతే, మెయిల్‌లో వచ్చే ఆర్డర్లకు బిల్లులు వేసే అప్లికేషన్‌లో ఒకే ఆర్డరుకు రెండు బిల్లులు తయారవుతాయి.

ఐమ్యాప్‌లో మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. ఫోల్డర్లు, చదివిన గుర్తులు, వెతుకులాట అన్నీ అక్కడే. పెద్ద అటాచ్‌మెంట్లను వదిలేసి శీర్షికలు మాత్రమే తెచ్చుకోవచ్చు. సర్వర్‌కు ‘ఐడిల్’ సదుపాయం ఉంటే కొత్త మెయిల్ రాగానే అదే కబురు పెడుతుంది. కాకపోతే 29 నిమిషాలు దాటకుండా దాన్ని తిరిగి మొదలుపెడుతుండాలి. కోడు రాసే శ్రమ మాత్రం ఎక్కువ.

అప్లికేషన్ కోసమే తెరిచిన ఖాతా, ఒకటే కంప్యూటర్ అయితే పాప్3 హాయి. అదే ఖాతాను ఇంకెవరైనా ఫోనులో చూస్తుంటే ఐమ్యాపే వాడండి. వాళ్లు చదవకముందే మెయిళ్లు చెరిపేసే హక్కు మన ప్రోగ్రాముకు లేదు.