తొక్కితే తెరుచుకునే దాణా పెట్టె: మూడేళ్లు వాడాక

ఎనిమిది పెట్టలకు రోజుకు కిలోన్నర దాణా అయిపోతోందంటే ఎక్కడో తేడా ఉందని నాకు ముందే తట్టాల్సింది. పెద్ద పెట్ట ఒకటి రోజుకు 110 నుంచి 120 గ్రాములు తింటుంది. ఎనిమిదింటికీ కలిపినా కిలో దాటదు. మిగతా అరకిలో ఎటు పోతోందని లెక్క వేసుకోకుండా, కోళ్లు బాగా తింటున్నాయని మురిసిపోయాను. ఒక రాత్రి గూడు తలుపు గడియ పెట్టానో లేదో అని టార్చి పట్టుకుని వెళ్లాను. వెలుగు పడగానే దాణా తొట్టి అంచు మొత్తం కదిలింది. అన్నీ ఎలుకలే. ఒక్కోటి రోజుకు పాతిక గ్రాములు తింటుందనుకున్నా, ఆ అరకిలో ఇరవై ఎలుకల మేత. నేను ఎనిమిది కోళ్లతో పాటు ఇరవై ఎలుకల్ని కూడా పెంచుతున్నానన్నమాట.

అప్పటి నుంచి ఈ పెట్టె కొనేదాకా ఏడు నెలలు పట్టింది. మధ్యలో అందరూ చేసేవే నేనూ చేశాను. మనకు వినపడని శబ్దం చేసి ఎలుకల్ని తరుముతుందని చెప్పే ప్లగ్గు పరికరం ఒకటి కొన్నాను. రెండు మూడు రాత్రులు కాస్త తగ్గినట్టు అనిపించింది. వారం తిరక్కుండా దాని మీద నుంచే నడిచి వెళ్లాయి. పిల్లి ఉంది గానీ, అది చిట్టెలుకల వరకే. బలిసిన ఎలుక ఎదురైతే పక్కకు తిరిగి ఒళ్లు నాక్కోవడం మొదలుపెడుతుంది.

ఎలుకల మందు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. బ్రోమడయొలోన్ బిళ్లలు కలుగుల్లో వేశాను. అది ఒంట్లో విటమిన్ కె పనిచేయకుండా అడ్డుకుంటుంది. రక్తం గడ్డకట్టక లోపల్లోపలే కారి ఎలుక చస్తుంది. అయితే వెంటనే కాదు, నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. ఆ లోపు అది మత్తుగా పట్టపగలే బయట తిరుగుతుంది. ఐదో రోజు పొద్దున మా నల్ల పెట్ట ఏదో నోట కరుచుకుని పరుగెడుతోంది, మిగతా ఏడూ దాని వెంట. వానపామేమో అనుకున్నాను. దగ్గరికెళితే కుర్ర ఎలుక, ముక్కు పక్కన తోక వేలాడుతోంది. కోళ్లకు మాంసం కనిపిస్తే ఆగవన్న సంగతి తెలిసి కూడా మందు వేసేటప్పుడు గుర్తు రాలేదు. పట్టుకుని లాక్కునే సరికి నాకు చెమటలు పట్టాయి. ఆ మందు ఛాయలు గుడ్లలోకీ వస్తాయి కాబట్టి వారాల తరబడి గుడ్లు పారబోశాం. "ఏమండీ, ఎలుకలు తిన్నదానికంటే మనం పారేసిందే ఎక్కువైంది" అంది మా ఆవిడ. నిజమే. కోళ్లున్న చోట మందు జోలికి మళ్లీ వెళ్లలేదు.

ఇక పెట్టె. రేకు పెట్టె, ముందు ఒక తొక్కుడు పలక. కోడి ఎక్కి నిలబడితే మూత లేస్తుంది, దిగితే పడుతుంది. కోడి బరువు రెండు కిలోలు, పెద్ద ఎలుక బరువు అరకిలో లోపే. కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది. మూత తెరుచుకోవడానికి ఎంత బరువు కావాలో లోపలి స్ప్రింగు బిగించి మార్చుకోవచ్చు. కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఈ స్ప్రింగునే. అది లేని చవక రకాల్లో మూత సొంత బరువే ఆధారం, ఎలుక ముక్కుతో ఎత్తేస్తుంది.

కోళ్లకు నేర్పడానికి రెండు వారాలు పట్టింది. మొదటి వారం పలక కింద ఇటుక ముక్క పెట్టి మూత తెరిచే ఉంచాను. తర్వాత ఇటుక తీసి చిన్న రాయి పెట్టాను, మూత సగం తెరిచి ఉండి, ఎక్కితే పూర్తిగా లేచేలా. రాయి కూడా తీసేసిన రోజు మొదటి పెట్ట ఎక్కగానే టక్‌మని శబ్దం వచ్చింది. అంతే, ఎనిమిదీ పెరడు అవతలి కొసకు పరుగు. ఆ శబ్దం పోవడానికి మూత అంచుకు పాత సైకిలు ట్యూబు ముక్క అతికించాను. రెండు పెట్టలు నేర్చుకుంటే చాలు, మిగతావి చూసి నేర్చుకుంటాయి. మా దాంట్లో ఒక సోమరి ఉంది. మూడేళ్లయినా పలక ఎక్కదు. వేరే కోడి ఎక్కేదాకా పక్కన నిలబడి, మెడ చాచి తింటుంది.

ఎలుకలకు కొత్త వస్తువంటే అనుమానం. మొదటి పది రోజులు పెట్టె దగ్గరికే రాలేదు. "వదిలింది పీడ" అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి కిటికీలోంచి చూస్తే రెండు బలిసినవి ఒకేసారి పలక మీదికి ఎక్కాయి, మూత వేలెడంత లేచింది, మూడోది సందులో తల పెట్టింది. మర్నాడే స్ప్రింగు బిగించాను. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. కిలో కూడా తూగని మా పొట్టి జాతి పెట్టకు మూత లేవలేదు. దానికి పగలు విడిగా పెట్టి, సాయంత్రానికి గిన్నె తీసేస్తున్నాను. చిన్న జాతి కోళ్లు, కోడిపిల్లలు మాత్రమే ఉన్నవాళ్లకు ఈ పెట్టె పనికిరాదు.

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు. తిండి ఆగిపోతే ఎలుకలు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతాయనుకున్నాను. వెళ్తాయి, కానీ వెళ్లే ముందు ఆకలితో దొరికిందల్లా తింటాయి. గూట్లో మిగిలిన గుడ్లు పోయాయి. అంతకంటే బాధాకరం, తొమ్మిది కోడిపిల్లల్లో మూడు ఒక్క రాత్రిలో మాయమయ్యాయి. చీకట్లో కోడికి కళ్లు సరిగ్గా కనపడవు, పక్కనే తల్లి ఉన్నా ఏమీ చేయలేదు. గూటికి నేను కొట్టించింది ఆరు పలకల కోళ్ల వల. అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, ఎలుకను ఆపలేదు. పిల్ల ఎలుక అర అంగుళం సందులో దూరుతుంది, పెద్దది కూడా ముప్పావు అంగుళం ఉంటే చాలు, తల పడితే ఒళ్లు పడుతుంది. కాబట్టి వరస మార్చకండి: ముందు పావు అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (గట్టి ఇనుప తీగ వల), అడుగున కూడా, గోడ నుంచి బయటికి అడుగు మేర నేల మీద పరిచి పైన మట్టి కప్పాలి. తవ్వబోయిన ఎలుకకు గోడ మొదట్లోనే తీగ తగులుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. ఆ తర్వాతే దాణా పెట్టె.

ఆ ఆకలి రోజుల్లోనే బోనులు బాగా పనిచేస్తాయి. టపీమని కొట్టే చెక్క బోనుల్ని రెండు వైపులా కన్నాలున్న పెట్టెల్లో పెట్టాను, కోడి కాలు, ముక్కు పడకుండా. గోడకు అడ్డంగా, ఎర గోడ వైపు ఉండేలా. నాలుగు రాత్రులు స్ప్రింగు లాగకుండా ఎర మాత్రం పెట్టాను, తడిపిన దాణా ముద్ద. ఐదో రాత్రి లాగి పెట్టాను. రెండు వారాల్లో పదకొండు పడ్డాయి. చచ్చినవాటిని, పెంటికల్ని వట్టి చేతుల్తో తాకొద్దు. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఎలుక మూత్రంతో కూడా వస్తుంది. ఎండిన పెంటికల్ని పొడిగా ఊడవకుండా బ్లీచు నీళ్లు చల్లి తీస్తాను. రాత్రి నీళ్ల గిన్నె కూడా తీసేయడం అలవాటైంది, కోళ్లు చీకట్లో ఎలాగూ తాగవు.

పెట్టె లోపాలు కూడా చెప్పాలి. మూత మూల ఒకటి ప్లాస్టిక్. ఐదో నెలలో దాన్ని కొరికి బొటనవేలు పట్టేంత కన్నం చేశాయి. ఎలుక ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, దానికి కొరకడం ఒక పని. రేకు ముక్క బిగించాక ఆగింది. రేకు పెట్టెకు ఆ ఒక్క మూల ప్లాస్టిక్ ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అర్థం కాలేదు. వాన జల్లు పడితే లోపల అంచున దాణా గడ్డకట్టి బూజు పడుతుంది, పెట్టెను చూరు కింద పెట్టాల్సిందే. రెండో ఏడు ఒక మడత బందు తుప్పు పట్టి మూత పూర్తిగా పడలేదు. నాలుగు రాత్రుల తర్వాత గానీ చూసుకోలేదు. అప్పటికే ఎలుకలకు కబురందింది. ఇంకోటి, కోళ్లు ముక్కుతో దాణా కెలికి బయటికి విరజిమ్ముతాయి. లోపల కమ్మీల జల్లెడ ఉన్న రకమే తీసుకోండి. లేదంటే పెట్టెకు తాళం వేసి గింజల్ని ముంగిట్లో చల్లినట్టే.

ఎలుకలున్నాయో లేదో తేల్చుకోవడానికి నెలకోసారి పడుకునే ముందు పెట్టె చుట్టూ పిండి పల్చగా చల్లుతాను. పొద్దున ముందు కాళ్లవి నాలుగు వేళ్లు, వెనక కాళ్లవి ఐదు వేళ్లు, మధ్యలో తోక గీత కనిపిస్తే వచ్చినట్టే. ఈ ఏడాదిలో రెండుసార్లు కనిపించింది. రెండుసార్లూ నేనే దాణా సంచి మూతి కట్టకుండా వదిలేశాను.

ఇప్పుడు రోజుకు తొమ్మిది వందల గ్రాములు సరిపోతోంది. మూడేళ్లలో ఒక స్ప్రింగు, రెండు బందులు మార్చాను. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ప్లాస్టిక్ మూలకి కోత.