ఎల్క్ వేటకు తక్కువ తన్నే రైఫిల్: టిక్కా టీ3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మూర్, 3-9 స్కోప్ – కొన్ని సీజన్ల వాడకం తర్వాత

కొలరాడోలో ఎల్క్ (జింక జాతికి చెందిన భారీ జంతువు) వేటకు రైఫిల్ కొంటున్నామని చెప్పగానే దుకాణంలోనూ షూటింగ్ రేంజిలోనూ వినిపించే మొదటి సలహా .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే పెద్ద తూటా పేల్చేది తీసుకోమన్నదే. నేను దానికి విరుద్ధంగా 6.5 క్రీడ్‌మూర్ తూటా పేల్చే టిక్కా టీ3ఎక్స్ లైట్ కొన్నాను. కొన్ని సీజన్లుగా ఫ్లాట్ టాప్స్ పరిసరాల కొండల్లో దాన్ని మోసి, వేసవుల్లో పానీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌లో దానితో సాధన చేసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: 400 గజాల లోపు ఎల్క్ వేటకు, పరిమితమైన డబ్బుతో, తరచూ సాధన చేయగలిగిన వారికి ఇంతకన్నా తెలివైన ఎంపిక నాకు కనబడలేదు. ఆ దూరం దాటాలనుకునే వారికి మాత్రం దీన్ని సిఫారసు చేయను.

ఎల్క్ అంటే ఎంత జంతువో తెలిస్తే ఈ చర్చ ఎందుకో అర్థమవుతుంది. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, ఆడది 200 కిలోలకు పైబడి ఉంటుంది. మన నల్లమలలో తిరిగే కణుజును చూసినవారు దానికన్నా భారీ దేహాన్ని, అంతకన్నా మందమైన భుజపుటెముకను ఊహించుకోవాలి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక కూడా అది లోయలోకి దిగిపోగలదు. కాబట్టి పెద్ద తూటా కావాలనేవారి వాదన ఊరికే పుట్టింది కాదు. అయితే తూటా పేలగానే రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బను పేల్చేవాడి భుజం ఎంత ఓర్చుకుంటుందన్న ప్రశ్నను ఆ వాదన పట్టించుకోదు.

స్కోపుతో కలిపి 8 పౌండ్లు, అంటే సుమారు 3.6 కిలోలు తూగే రైఫిల్‌ను లెక్కకు తీసుకుంటే, 6.5 క్రీడ్‌మూర్ భుజాన్ని తన్నే శక్తి దాదాపు 13 ఫుట్-పౌండ్లు (శక్తికి అమెరికన్ కొలత) ఉంటుంది. అదే బరువున్న రైఫిల్‌లో .30-06 తూటా దాదాపు 22, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ 30కి పైన తన్నుతాయి. ఈ తేడా కాగితం మీద కన్నా భుజం మీద బాగా తెలుస్తుంది. గట్టిగా తన్నే రైఫిల్‌తో పది పదిహేను తూటాలు కాల్చేసరికి శరీరం దెబ్బను ముందుగానే ఊహించడం మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణానికి కన్ను మూసుకుపోతుంది, భుజం ముందుకు తోస్తుంది, గురి చెదురుతుంది. ఈ ఉలికిపాటు అలవాటైతే పోగొట్టుకోవడం చాలా కష్టం. రేంజిలో మీ మిత్రుడు మీకు తెలియకుండా మ్యాగజైన్‌లో అక్కడక్కడ ఉత్తుత్తి తూటా పెడితే, రైఫిల్ పేలని ఆ క్షణంలో గొట్టం ఎంత ఊగిందో మీకే కనిపిస్తుంది. ఏ రైఫిల్ కొనాలో నిర్ణయించుకునే ముందు ఈ పరీక్ష చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

తక్కువ తన్నడంలో మరో లాభం వాడాక గాని పూర్తిగా తెలియదు. పేలిన తర్వాత కూడా స్కోపులో దృశ్యం కనుమరుగు కాదు. గుండు ఎక్కడ తగిలిందో, జంతువు ఎలా స్పందించిందో, మందలో ఏది ఎటు కదిలిందో చూస్తూనే బోల్ట్ తిప్పి రెండో తూటా ఎక్కించవచ్చు. ఎల్క్ వేటలో మొదటి గుండు బాగా తగిలినట్టు అనిపించినా, జంతువు నిలబడి ఉన్నంతసేపు మళ్లీ కాల్చాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ పని చేయాలంటే స్కోపులోంచి జంతువు తప్పిపోకూడదు. గొట్టం చివర, పేలుడు వాయువును పక్కలకు మళ్లించే మజిల్ బ్రేక్ బిగిస్తే పెద్ద తూటా తన్నడం కూడా తగ్గుతుంది గాని, ఆ చప్పుడు పక్కన కూర్చున్నవారి చెవులకు హాని చేస్తుంది. అందుకే నేను దాని జోలికి పోలేదు.

ఇక తూటా. 6.5 క్రీడ్‌మూర్ 2007లో హార్నడీ సంస్థ తెచ్చినది. ఇది కేవలం లక్ష్యసాధనకు పనికొచ్చే బొమ్మ తూటా అని కొట్టిపారేసేవారికి ఒక మాట చెప్పాలి. 1894 నాటి 6.5×55 స్వీడిష్ తూటా శక్తిలో దీనికి దాదాపు సమానం. దానితో స్వీడన్, నార్వే వేటగాళ్లు ఎల్క్‌కన్నా పెద్దదైన మూస్‌ను తరాలుగా వేటాడుతున్నారు. అక్కడా ఇక్కడా కీలకం గుండు, అంటే తూటాలోంచి దూసుకెళ్లే భాగం, దాని నిర్మాణమే. నేను వాడేది 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) నోస్లర్ అక్యూబాండ్ గుండు. దీని సీసం, రాగి తొడుగు విడిపోకుండా అతికి ఉంటాయి కాబట్టి ఎముక తగిలినా ముక్కలైపోకుండా లోతుకు దిగుతుంది. పూర్తిగా రాగితో చేసిన బార్న్స్ గుండు కూడా మంచిదే. జింకకు సరిపోయే పలుచని తొడుగు గుండును ఎల్క్ భుజం మీదికి పంపడం నాకు సమ్మతం కాదు.

దూరానికి హద్దు గీసేది కూడా గుండే. అక్యూబాండ్ ముందుభాగం జంతువు దేహంలో సరిగా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకు కనీసం 1800 అడుగుల వేగం ఉండాలని తయారీదారు చెబుతారు. సెకనుకు 2650 అడుగుల వేగంతో బయలుదేరిన నా గుండు సముద్రమట్టపు గాలిలో 500 గజాలు చేరేసరికి దాదాపు ఆ హద్దుకు దిగిపోతుంది. తొమ్మిది పది వేల అడుగుల ఎత్తులోని పలుచని గాలిలో మరికొంత దూరం వేగం నిలుస్తుంది. ఎల్క్‌కు 1500 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలన్న పాత లెక్క ప్రకారమైతే ఈ తూటా 300 గజాల ప్రాంతంలోనే ఆగిపోవాలి. ఆ సంఖ్యను నేను వేదవాక్కుగా తీసుకోను గాని, పూర్తిగా పక్కన పెట్టను కూడా. అందుకే 300 గజాలు దాటితే జంతువు పూర్తిగా పక్కకు తిరిగి, కదలకుండా నిలబడి ఉంటేనే కాలుస్తాను. 400 దాటితే ఏ స్థితిలోనూ కాల్చను. గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: గంటకు 10 మైళ్ల అడ్డగాలి 400 గజాల దూరంలో ఈ గుండును దాదాపు ఒక అడుగు పక్కకు నెడుతుంది. లోయకు ఈ గట్టున గాలి ఒకలా, ఆ గట్టున మరొకలా వీచే కొండల్లో ఆ ఒక్క అడుగు ఊపిరితిత్తులకూ పొట్టకూ మధ్య ఉన్న దూరం.

రైఫిల్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అది నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఫిన్లాండ్‌లో సాకో కర్మాగారంలో తయారయ్యే టీ3ఎక్స్ బోల్ట్ చాలా నున్నగా కదులుతుంది, దాన్ని 70 డిగ్రీలు ఎత్తితే చాలు. ట్రిగ్గర్ బరువును 2 నుంచి 4 పౌండ్ల మధ్య సర్దుకోవచ్చు. స్టాక్ ప్లాస్టిక్‌దే అయినా వానకూ మంచుకూ ఉబ్బదు. నేను కొన్నప్పుడు ధర 800 డాలర్ల లోపే ఉంది. అంత పెట్టలేనివారు రూగర్ అమెరికన్‌నో సావేజ్ యాక్సిస్‌నో తీసుకోవడంలో తప్పేమీ లేదు. మిగిలిన డబ్బు స్కోపుకు, సాధన తూటాలకు వెళ్తే అది మంచి ఖర్చే. 6.5 క్రీడ్‌మూర్ బదులు 7ఎంఎం-08 రెమింగ్టన్ తూటా ఎంచుకున్నా ఫలితం దాదాపు ఇదే, కాకపోతే ఆ తూటాలు అన్ని దుకాణాల్లో దొరకవు.

చాలామంది డబ్బు ఆదా చేయకూడని చోట ఆదా చేసేది స్కోపులోనే. నేను మొదట వాడిన చవక స్కోపు అద్దాలు తెల్లవారుజామున కూడా చక్కగానే కనిపించేవి, కానీ ట్రక్కులో మట్టిదారుల మీద కుదుపులు తిన్న తర్వాత గురి ఉన్నచోట ఉండేది కాదు. అద్దం ఎంత తేటగా ఉన్నా, గురి నిలవని స్కోపు ఈ పనికి పనికిరాదు. దాని స్థానంలో ఎస్‌డబ్ల్యూఎఫ్‌ఏ సంస్థ 3-9×42 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది) బిగించాను. సుమారు 600 డాలర్లు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రకం, అంటే లోపలి గురి గీతలు జూమ్‌తో పాటే పెరిగి తగ్గుతాయి కాబట్టి ఏ జూమ్‌లో ఉన్నా గీతల కొలత మారదు. గురి సర్దే మీట ఒక్కో క్లిక్కు 0.1 మిల్ (మిల్ కోణానికి కొలత), అంటే 100 మీటర్ల వద్ద సరిగ్గా ఒక సెంటీమీటరు; మెట్రిక్ కొలతల్లో చదువుకున్న మనవాళ్లకు ఇది సులువు. 100 గజాలకు గురి సరిచేసుకుంటే, తొమ్మిది పది వేల అడుగుల ఎత్తులో 400 గజాలకు ఆ మీటను 2 మిల్లులకు కాస్త అటూ ఇటూగా తిప్పితే సరిపోతుంది. సరైన అంకె మాత్రం ఎవరి రైఫిల్‌తో వారే కాల్చి తెలుసుకోవాలి.

ఏ స్కోపు కొన్నా చేయవలసిన పరీక్ష ఒకటుంది. 100 గజాల వద్ద పొడవైన కాగితం కట్టి, మధ్యలో గురిపెట్టి కాల్చి, 5 మిల్లులు పైకి తిప్పి మళ్లీ అదే చుక్కకు గురిపెట్టి కాల్చాలి. రెండోసారి కాల్చిన గుళ్ల గుంపు మొదటిదానికి 18 అంగుళాల ఎత్తున పడాలి, వెనక్కి తిప్పితే మొదటి గుంపులోనే పడాలి. స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే రింగుల మరలను తయారీదారు చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో బిగించాలి. వేటకు రెండు రోజుల ముందు శిబిరం దగ్గర ఒకసారి గురి సరిచూసుకోవాలి.

చట్టం విషయం మనవాళ్లు తప్పక గమనించాలి. హెచ్-1బీ వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది; చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు. న్యాయవాదిని అడగకుండా కొనవద్దు, స్నేహితుడి రైఫిల్ చేతిలోకి కూడా తీసుకోవద్దు. కొలరాడోలో 1949 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి. ఎల్క్‌కు కనీసం 6 మిల్లీమీటర్ల వ్యాసం, 85 గ్రెయిన్ల బరువు ఉన్న, విచ్చుకునే గుండే వాడాలి. భారతదేశంలో 1972 చట్టంతో వేట ఆగిపోయింది కాబట్టి ఈ వ్యవహారమే కొందరికి నచ్చకపోవచ్చు. ఇక్కడ లైసెన్సు రుసుములు, తుపాకుల మీద వసూలయ్యే ఫెడరల్ పన్ను 1937 నాటి చట్టం ప్రకారం ప్రధానంగా వన్యప్రాణి సంరక్షణకే వెళ్తున్నాయని మాత్రం చెప్పగలను.

రైఫిల్, స్కోపు, రింగులు కలిపి నాకు దాదాపు 1500 డాలర్లయింది. ఈ తూటాకు గొట్టం సాధారణంగా రెండు మూడు వేల రౌండ్ల వరకు గురి నిలుపుతుంది, నాది ఇంకా ఆ దరిదాపుల్లో లేదు. వచ్చే వేసవికి కొత్త రైఫిల్ కోసం కాకుండా, బల్ల మీద నుంచి కాల్చడం మానేసి వీపు సంచి మీద ఆనించి, వాలు నేల మీద కూర్చుని కాల్చే సాధనకు కావలసిన తూటాల కోసమే డబ్బు పక్కన పెడుతున్నాను.