ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ కోర్సు కొనేవారికి హెచ్చరిక: మాక్ టెస్టులో వేసిన బ్యాండును నమ్మకండి

భీమవరంలోని ఒక కోచింగ్ సెంటరులో, విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లోని రీడింగ్ (పాఠం చదివి జవాబులు రాసే) విభాగం కోసం ప్రత్యేకంగా అమ్ముతున్న 'అడ్వాన్స్‌డ్ స్ట్రాటజీస్' కోర్సుకు 18,000 రూపాయలు కట్టి నేను నష్టపోయాను. పాలకొల్లు, తణుకు, అమలాపురం వైపు నుంచి ఇలాంటి కోర్సుల కోసం రోజూ బస్సెక్కుతున్నవారు డబ్బు కట్టేముందు చదువుతారని ఇది రాస్తున్నాను.

విదేశంలో పీజీ చేయాలనుకున్నాను కనుక నేను రాయవలసింది అకడమిక్ పరీక్ష. సెంటరులో పెట్టిన చివరి మూడు మాక్ టెస్టుల్లోనూ 40కి 30, 31, 30 సరైన జవాబులు రాగా, ప్రతిసారీ 'బ్యాండ్ 7' (ఈ పరీక్షలో స్కోరును బ్యాండ్ అంటారు) అని ఎర్ర ఇంకుతో రాసి ఇచ్చారు. ఆ ధైర్యంతో విజయవాడ వెళ్లి అసలు పరీక్ష రాస్తే రీడింగులో 6 వచ్చింది. ఇంటికొచ్చి ఫైలు తిరగేశాక గానీ సంగతి బోధపడలేదు. ఆ మాక్ పేపర్లన్నీ ఉద్యోగానికో వలసకో వెళ్లేవారు రాసే జనరల్ ట్రైనింగ్ పేపర్లు. పై శీర్షిక పడకుండా జిరాక్సు తీశారు. ప్రకటనలు, ఉద్యోగులకిచ్చే సూచనల వంటి చిన్న చిన్న పాఠాలు కనబడినప్పుడే నాకు అనుమానం రావలసింది. అకడమిక్‌లో ఉండేవి మూడు పెద్ద వ్యాసాలు. జనరల్ ట్రైనింగ్ పాఠాలు తేలిక గనుక అందులో సుమారు 34 సరైతేనే బ్యాండ్ 7 వస్తుంది, 30కి వచ్చేది 6 మాత్రమే. అకడమిక్‌లో సుమారుగా 23కి 6, 30కి 7, 35కి 8. అంటే వాళ్లు తేలిక పేపరు పెట్టి, కష్టమైన పేపరు పట్టికతో బ్యాండు వేశారన్నమాట. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, అడిగితే "పరీక్ష రోజు మీరు కంగారు పడి ఉంటారండీ" అని నవ్వేశారు.

బోధించిన 'వ్యూహాల' సంగతి మరీ విచారకరం. ప్రతి పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం చదివితే చాలన్నారు. పేరా మధ్యలో 'అయితే' అని మాట మలుపు తిరిగిన చోట దాగిన జవాబు ఈ పద్ధతికి ఎన్నడూ దొరకదు. ప్రశ్నలోని పదం పాఠంలో కనిపించిన చోటే జవాబు ఉంటుందని కూడా చెప్పారు. పరీక్ష తయారుచేసేవారు ప్రశ్నలో వాడేది ఎక్కువగా పర్యాయపదాలను. యథాతథంగా కనిపించే పదం తరచు ఎర.

కొన్ని ప్రశ్నల్లో ఇచ్చిన వాక్యం పాఠం ప్రకారం నిజమా (ట్రూ), తప్పా (ఫాల్స్), పాఠంలో లేదా (నాట్ గివెన్) అని చెప్పాలి. సందేహం వస్తే 'నాట్ గివెన్' పెట్టమన్న సలహా అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టింది. మన ఆనకట్టనే తీసుకోండి. కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం పనులు 1847లో మొదలై 1852లో ముగిశాయని పాఠంలో ఉందనుకుందాం. 'నిర్మాణం 1847లో పూర్తయింది' అంటే పాఠం దాన్ని ఖండిస్తోంది, కాబట్టి ఫాల్స్. 'రైతులు నిర్మాణాన్ని వ్యతిరేకించారు' అంటే పాఠం ఔననలేదు, కాదనలేదు. అది నాట్ గివెన్. మనకు బయట తెలిసిన చరిత్రతో ఇక్కడ పని లేదు. ఈ తేడా చెప్పడానికి పది నిమిషాలు చాలు, ఆరు వారాల్లో ఒక్కసారీ చెప్పలేదు.

పైగా తప్పు జవాబుకు మార్కు కోస్తారని, తెలియనివి వదిలేయమని అన్నారు. జేఈఈని మనసులో పెట్టుకొని అన్నారేమో! ఇక్కడ నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ వదలడం శుద్ధ నష్టం. రీడింగులో జవాబులు ఎక్కించడానికి అదనంగా సమయం ఇవ్వరు. ఆ 60 నిమిషాల్లోనే అన్నీ అయిపోవాలి.

డబ్బు తిరిగి అడిగితే, వెనకాల చిన్న అక్షరాలతో 'ఫీజు వాపసు లేదు' అని అచ్చు వేసిన చీటీ చూపించారు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ ఫిర్యాదు రుసుము ఉండదు. అందుకోసం ఎర్ర ఇంకు బ్యాండ్లున్న ఆ జిరాక్సు పేపర్లన్నీ భద్రంగా దాచాను. అదే సెంటరులో చేరినవారు మీ పేపర్లను కూడా పారేయకుండా ఉంచుకోండి, ముందుగా అవి అకడమిక్ పేపర్లో కాదో చూసుకోండి.