కొల్లేటి కొంగలకు కారు దండగ, ఆటో చాలు

విజయవాడలో "కొల్లేరు పక్షుల టూర్" పేరుతో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఒక్కరోజు కారు ప్యాకేజీ 4,200 రూపాయలకు అమ్ముతున్నారు. తీసుకోకండి. ఆరింటికి రావాల్సిన బండి ఏడుంబావుకి వచ్చింది. దారిలో టిఫిన్ పేరుతో ముప్పావుగంట పోయింది. కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక గేటు దగ్గర దిగేసరికి పదీ నలభై. "పక్షులు ఎక్కడికి పోతాయండీ, ఇక్కడే ఉంటాయి" అని డ్రైవరు దారంతా ధైర్యం చెబుతూనే ఉన్నాడు. అవేమో పోయాయి. గూళ్ళ మీద గూడబాతులు (పెలికాన్లు) ఉన్నాయి, ఎర్రకాళ్ళ కొంగలు కొన్ని ఉన్నాయి, అంతే. గంట తిరక్కుండానే "కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనం కూడా ప్యాకేజీలోనే అండీ" అంటూ బండెక్కించారు. పార్కింగు, డ్రైవరు భత్యం విడిగా 460. వెరసి 4,660 రూపాయలకు ఒక గంట పక్షులు, అదీ నడినెత్తికెక్కుతున్న ఎండలో. వెంట వచ్చిన పిల్లలకు మాత్రం కారు ఏసీ బాగా నచ్చింది.

నిజానికి అంతకన్నా చాలా తక్కువకే, ముందురోజు సాయంత్రం రైల్లో కైకలూరు చేరి పొద్దున్నే ఆటో మాట్లాడుకుంటే అంతకు పదింతల పక్షులు కనబడతాయి. గుడివాడ–భీమవరం లైనులో కైకలూరు స్టేషనుంది. అక్కణ్ణించి ఆటపాక రెండు కిలోమీటర్ల దూరం.

రాత్రి బస దగ్గరే అసలు చిక్కు. మాకు దొరికిన లాడ్జి పేరు చెప్పను గానీ, ఫోనులో 1,400 అన్న గది కౌంటరు దగ్గర 1,900 అయింది. "సీజను కదండీ" అన్నారు. గీజరు లేదు, కిటికీ జాలీకి చెయ్యి పట్టేంత చిరుగు, చేపల చెరువుల మీద పెరిగిన దోమలు. అదంతా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఏమిటంటే, రాత్రి పదింటికి కింద షట్టరు దించి తాళం వేసి, తాళంచెవి ఓనరుగారు ఇంటికి పట్టుకెళ్ళిపోతారు. తెల్లవారుజామున ఐదింటికి కెమెరాలు భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడి ఫోన్లు చేస్తే ఆయన ఆరుంబావుకి మఫ్లరు చుట్టుకుని వచ్చారు. అప్పుడు కూడా ఆయన అడిగింది ఒక్కటే: "అంత పొద్దున్నే ఏం చూస్తారండీ?" అందుకని ఏ లాడ్జికి ఫోన్ చేసినా ఏసీ ఉందా, టీవీ ఉందా అని కాదు, "తెల్లారుజామున ఐదింటికి షట్టరు తీసేదెవరు?" అని అడగండి. వాచ్‌మన్ లోపలే పడుకుంటాడంటేనే అడ్వాన్సు పంపండి. అలాంటిది దొరక్కపోతే భీమవరంలోనో ఏలూరులోనో మంచి హోటల్లో ఉండి నాలుగున్నరకు బయల్దేరడం మేలు.

ఆటపాక ఎందుకు, కాలువలెందుకు అన్నది తెలుసుకుని వెళ్తే డబ్బు వృథా కాదు. ఆటపాక గూళ్ళు పెట్టే చోటు. చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో ఇనప స్టాండ్లు నిలబెట్టింది, గూడబాతులు వాటి మీదే పిల్లల్ని చేస్తాయి. గుంపుగా, ఒకేచోట, రోజంతా కనబడే పక్షులు కావాలంటే అక్కడికే వెళ్ళాలి. కానీ నారాయణపక్షి (గ్రే హెరాన్), ఊదాకొంగ, గుడ్డికొంగ లాంటివి ఒంటరి వేటగాళ్ళు. ఒక్కోటి తన జాగా తాను చూసుకుని నిలబడుతుంది. అవి ఉండేది కాలువల వెంట, మురుగు డ్రెయిన్ల వెంట, చేపల చెరువుల గట్ల మీద. కొల్లేటి చుట్టూ అలాంటి గట్లకు కొదవ లేదు. ఒకవైపు బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు దింపుతుంటే ఇంకోవైపు ఉప్పుటేరు సముద్రానికి మోసుకెళ్తుంది. మధ్యలో ఉన్నదంతా గట్లూ గండ్లే. 1999లో అభయారణ్యం ప్రకటించారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన తడినేలల జాబితా రామ్‌సార్‌లో చేరింది, 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఇన్ని జరిగినా చుట్టుపక్కల చెరువులకు లోటు లేదు. కొంగకు అభయారణ్యం సరిహద్దుతో పని లేదు, దానికి కావలసింది మోకాలి లోతు నీళ్ళు.

ఆటో కిలోమీటర్ల లెక్కన మాట్లాడితే డ్రైవరు పరిగెత్తిస్తాడు. గంటల లెక్కన మాట్లాడండి. ఆరు నుంచి తొమ్మిది దాకా 700కి కుదిరింది. మొదట 1,000 అన్నాడు గానీ, "మీరు హారన్ కొట్టకుండా ఉంటే చాలండీ" అనేసరికి నవ్వి దిగాడు. ఆటోల్లో కుడివైపు కమ్మీ ఉంటుంది, ఎడంవైపే తెరిపి. అందుకని కాలువ ఎడంచేతి వైపు పడేలా బయల్దేరాలి. పడకపోతే ముందు గట్టు చివరికంటా వెళ్ళిపోయి, చూడటం తిరుగుదారిలో మొదలుపెట్టాలి. డీజిల్ ఆటో ఇంజను ఆడుతుంటే బైనాక్యులర్స్‌లో ఏదీ నిలవదు. అలాగని పక్షి ఎదురుగా వచ్చాక ఠక్కున ఆపేస్తే అది లేచిపోతుంది. ముప్పై మీటర్ల ముందే ఇంజను కట్టేసి బండిని దొర్లనివ్వాలి. దిగకూడదు. బండిని అవి రోజూ చూస్తుంటాయి కాబట్టి లెక్కచెయ్యవు. రెండు కాళ్ళ మీద మనిషి కనబడితేనే బెదురు. నారాయణపక్షి అయితే మనం కాలు కింద పెట్టేలోపే రెక్క విప్పుతుంది.

వెలుతురు సంగతి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. కాలువ తూర్పు పడమరలుగా పారుతుంటే దక్షిణపు గట్టు మీంచి చూడాలి, ఉత్తర దక్షిణాలుగా అయితే పొద్దున పూట తూర్పు గట్టు మీంచి. ఎదురెండలో తెల్లకొంగ కూడా నల్లగానే కనబడుతుంది. జనవరిలో పొగమంచు ఒక్కోరోజు ఎనిమిదింటిదాకా విడవదు, అలాంటప్పుడు ఆరింటికి వెళ్ళి చేసేదేం లేదు, ఏడున్నరకు బయల్దేరండి. బైనాక్యులర్స్ 8×42 (ఎనిమిది రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10×50 బరువు, చెయ్యి వణికితే బొమ్మ కూడా అంతే ఎక్కువ వణుకుతుంది.

ఇక గుర్తుపట్టడం. ఎగురుతున్నప్పుడు మెడ మడిచి భుజాల్లోకి లాక్కుంటే అది అసలు కొంగల జాతి. మెడ ముందుకు చాపి ఎగిరితే ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, తెల్ల కంకణాయిల్లో ఏదో ఒకటి. గూడబాతు కూడా మెడ మడుస్తుంది గానీ ఆ ఒళ్ళూ ఆ ముక్కూ చూశాక పొరబడేవాడు లేడు. తెల్లకొంగల దగ్గరే అందరూ తడబడతారు. నల్లముక్కు, నల్లకాళ్ళు, పసుపుపచ్చ వేళ్ళు ఉంటే చిన్న తెల్లకొంగ, అది తేలిక. ముక్కు పసుపు, కాళ్ళూ వేళ్ళూ నలుపు అయితే నడిమిదా పెద్దదా అన్న సందేహం వస్తుంది. అప్పుడు సైజు చూడకండి, పక్కన పోల్చడానికి ఇంకోటి లేకపోతే సైజు మోసం చేస్తుంది. నోటిగీత చూడండి. కంటి కిందే ఆగిపోతే నడిమిది, కన్ను దాటి వెనక్కి పోతే పెద్దది. పొట్టి ముక్కుతో, గదవ కింద ఈకలు ఉబ్బి పశువుల దగ్గర తిరిగేది పశులకొంగ.

గుడ్డికొంగను చూడాలంటే ఓపిక పట్టాలి. గుర్రపుడెక్క మీద మట్టిరంగులో ముడుచుకుని కూర్చుంటే అక్కడ పక్షి ఉందని కూడా తెలియదు. మెడ లేనట్టే ఉంటుంది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఒంట్లోంచి మెడ బయటికి సాగుతుంది. ముక్కు నీటికి జానెడు దూరంలో నిలుస్తుంది, ఒళ్ళు మాత్రం కదలదు. పొడిచిందంటే చేపపిల్ల ముక్కులో అడ్డంగా ఉంటుంది, దాన్ని తిప్పి తలవైపు నుంచి మింగుతుంది. లేచి ఎగిరినప్పుడే తెల్లటి రెక్కలు తెరుచుకుంటాయి. రెక్కల మీద తెల్లచుక్కలున్న గోధుమరంగు పక్షి కనబడితే అది గుడ్డికొంగ కాదు, చింతవక్క (రాత్రి వేటాడే నైట్ హెరాన్) పిల్ల. పెద్ద చింతవక్కలు పగలంతా గట్టు మీది తుమ్మల్లో కునుకుతుంటాయి, కొమ్మల మధ్య ఎర్రటి కన్ను కోసం వెతకండి. ఊదాకొంగ తెరిపిలో నిలబడదు. కిక్కిస, జమ్ము దుబ్బుల అంచున సన్నటి మెడ ఒక్కటే కనబడుతుంది.

దాళ్వా (రెండో పంట) వరికి దమ్ములు, అంటే నీళ్ళు పెట్టి బురద దున్నడాలు, డిసెంబరు, జనవరుల్లో పడతాయి. దమ్ముచక్రాల ట్రాక్టరు వెనకాల పశులకొంగలు, గుడ్డికొంగలు పోటీపడి నడుస్తుంటాయి, పది అడుగుల దూరం నుంచి చూడొచ్చు. ఇంకా మంచిది చెరువు పట్టుబడి. నీళ్ళు తోడి చేపలు పడుతున్న చెరువు కనబడితే మిగతా ప్రోగ్రాం రద్దు చేసుకోండి. అడుగున మిగిలిన బురదలోకి నత్తగుల్ల కొంగలు, కంకణాయిలు, తెల్లకొంగలు అన్నీ దిగుతాయి. అయితే చెరువు ప్రైవేటుది. కాపలావాళ్ళకు పక్షులంటే మంట, పిల్లచేపను తినేస్తాయి గనక టపాకాయలు కాల్చి తోలుతుంటారు. పెద్ద కెమెరా చూడగానే ఎవరో ఫిర్యాదు చెయ్యడానికి వచ్చారనుకుంటారు. ముందు కెమెరా బ్యాగులో పెట్టి, "బాబాయ్, పిట్టల్ని చూసుకుని పోతాం" అని అడిగితే ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఒకాయన ససేమిరా అన్నాడు. అక్కడ వాదించి లాభం లేదు.

తొమ్మిదింటికి ఆటపాక. బోటు ఎక్కేవాళ్ళు మొదటి ట్రిప్పుకే ఎక్కండి, తర్వాత జనం, కేకలు. "ఇంకా దగ్గరికి పోనీ" అని నడిపేవాణ్ణి ఒత్తిడి చెయ్యకండి. పెద్దపక్షి గూడు వదిలి లేస్తే కాకులు, గద్దలు గుడ్ల మీద పడతాయి. ఈకలు రాని పిల్లలకు తల్లి నీడ లేకపోతే ఎండకే ప్రాణం మీదికొస్తుంది. గూడబాతు పిల్లల్ని చూడాలంటే జనవరి, ఫిబ్రవరి సరైన కాలం.

పదిన్నరకల్లా పని అయిపోతుంది. ఊళ్ళో మెస్సులో కొర్రమీను పులుసుతో భోజనం 220 పెట్టాం, లాడ్జి మీద కోపం అక్కడితో సగం దిగింది. మావిడికాయ వేసి ముందురోజు రాత్రి కాచిన పులుసట. పక్షులంటే మొదట్నించీ విసుక్కుంటున్న మా అత్తయ్య ఈ ఊరికి మళ్ళీ వద్దామన్నది ఇక్కడే.

పెద్దవాళ్ళు, నడవలేనివాళ్ళు ఉంటే కొల్లేరుకన్నా గుంటూరు పక్కన ఉప్పలపాడు నయం. ఊరి చెరువు, మధ్యలో తుమ్మచెట్లు, స్టాండ్లు, గట్టు మీద చూడటానికి టవరు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, కంకణాయిలు బైనాక్యులర్స్ లేకుండానే కనబడేంత దగ్గర. చిన్నచోటు, గంటన్నరకు మించి అక్కర్లేదు. పొద్దున కాదు, సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళండి. మేతకెళ్ళినవి తిరిగొచ్చే వేళ, చింతవక్కలు బయల్దేరే వేళ. గుంటూరు నుంచి ఆటో, గంటన్నర ఆగి తీసుకురావడానికి 450 ఇచ్చాం. ఒకవైపుకే మాట్లాడుకోకండి, చీకటిపడ్డాక అక్కడ ఖాళీ ఆటో దొరకదు.