జూన్‌లో మొదటి పది రోజులు: పగ్గం బిగించాలా, చనువివ్వాలా?

ఆంధ్రలో బళ్లు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. మృగశిర కార్తె వచ్చినా బెజవాడలో ఎండ ఇంకా తగ్గదు. ఏడు వారాల సెలవుల తర్వాత పిల్లలు కొత్త తరగతిలోకి వచ్చి కూర్చుంటారు, మనం రిజిస్టర్ పట్టుకుని లోపలికి వెళ్తాం. అక్కడి నుంచి ఓ పది రోజుల్లో వాళ్లకీ మనకీ మధ్య ఏ తీరు కుదురుతుందో, ఏప్రిల్ దాకా దాదాపు అదే నడుస్తుంది. అందుకే ఆ పది రోజులు ఎలా గడపాలన్న చర్చ స్టాఫ్‌రూముల్లో ఏటా వస్తుంది. 2025 జూన్‌లో బదిలీలు జరిగి చాలా బళ్లలో టీచర్లకు పిల్లలూ, పిల్లలకు టీచర్లూ కొత్తయినప్పుడు ఈ చర్చ ఇంకా గట్టిగా విన్నాను.

సీనియర్లు చెప్పే మాట ఒకటుంది. "మొదట్లోనే పగ్గం బిగించమ్మా. తర్వాత వదలడం తేలిక. ముందే వదిలేస్తే మళ్లీ బిగించడం నీ వల్ల కాదు." ట్రైనింగుల్లో చెప్పేది ఇంకొకటి: ముందు పిల్లలతో కలిసిపోండి, పాఠం తర్వాత చూసుకోవచ్చు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మొదట గుంటూరులో చేశాను, ఇప్పుడు విజయవాడలో చేస్తున్నాను. ఈ రెండు దారుల్లోనూ నడిచాను. రెండిట్లోనూ నష్టపోయింది పిల్లలే కాబట్టి, ఏ దారిలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు పగ్గం సంగతి. గుంటూరులో నేను చేరిన ఏడాది సీనియర్ల మాట అక్షరాలా పాటించాను. మొదటి రోజే బోర్డు మీద పద్నాలుగు రూల్స్ రాసి నోట్సుల్లోకి ఎక్కించమన్నాను. సీటు మారకూడదు, అడగకుండా లేవకూడదు, పక్కవాళ్ల పుస్తకం చూడకూడదు, ఇలా. రెండో రోజు నుంచే అకరణీయ సంఖ్యలు మొదలుపెట్టాను. తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే వరండాలో వెళ్లేవాళ్లు ఆగి చూసేవాళ్లు. హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం నాకూ గర్వంగానే ఉండేది.

ఆగస్టులో ఎఫ్‌ఏ-1, అంటే ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష, పేపర్లు దిద్దుతున్నాను. ఒకమ్మాయి పేపర్లో మైనస్ మూడు బై ఏడుకు అయిదు బై ఏడు కలిపే లెక్క ఉంది. తను 3/7 + 5/7 = 8/7 అని రాసింది. కూడిక తప్పు లేదు, హారం తప్పు లేదు. మైనస్ ఒక్కటే లేదు. అనుమానం వచ్చి మర్నాడు తన నోట్సు తెప్పించి తిరగేశాను. జూన్ నుంచి ఒక్క పేజీలోనూ మైనస్ గుర్తు లేదు. ప్లస్ ఉంది, భిన్నాలు ఉన్నాయి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నా ఎర్ర పెన్ను రాతలూ ఉన్నాయి. రెండుచోట్ల "అశ్రద్ధ" అని రాసి సంతకం పెట్టాను.

పిలిచి అడిగితే తల వంచుకుని చెప్పింది. "బోర్డు మీద చిన్న గీతలు కనపడవు టీచర్."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"సీటు మారకూడదన్నారు కదా టీచర్."

నాలుగో బెంచీలో కూర్చునే పిల్ల. పరీక్ష పేపర్లో ప్రశ్న అచ్చులోనే ఉంది, మైనస్ కూడా స్పష్టంగా ఉంది. కానీ రెండు నెలలుగా మైనస్ లేని లెక్కలే చేసి చేసి, ఆ గీతకు అర్థం ఉందన్న సంగతే తనదాకా రాలేదు. నేను ఆ నిశ్శబ్దాన్ని చూసి అందరికీ అర్థమవుతోందనుకున్నాను. ఆ తరగతిలో అప్పటిదాకా ఎవరూ ఒక్క డౌటు కూడా అడగలేదన్నది కూడా ఆ రోజే గుర్తొచ్చింది.

పగ్గం పద్ధతిలో మంచి లేదని నేననను. గట్టిగా ఉండే టీచరు దగ్గర పిల్లలకు ఒక భరోసా ఉంటుంది, పెద్ద గొంతు ఉన్నవాడు చిన్నవాణ్ణి ఏడిపించడు, పీరియడ్ వృథా కాదు. నలభై అయిదు మంది ఉన్న గదిలో ఇవి చిన్న విషయాలు కావు. గట్టిగా ఉండటమంటే కొట్టడమని కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ రెండిటినీ నిషేధించింది. బెత్తం వదిలేసినవాళ్లం కూడా ఆ రెండో మాట గురించి ఆగి ఆలోచించాలి. అందరి ముందు నిలబెట్టి "నీకు బుర్ర ఉందా" అనడం కూడా దాని కిందకే వస్తుంది. పగ్గం పద్ధతిలో అసలు చిక్కు ఇది: భయం వల్ల అల్లరితో పాటు ప్రశ్న కూడా ఆగిపోతుంది. ఆగింది ఏదో మనకు కనిపించదు.

రెండో ఏడాది పూర్తిగా రెండో వైపుకి వెళ్లాను. ఆ అమ్మాయి విషయం మనసులో అలాగే ఉండిపోయింది. వారమంతా పుస్తకం తెరవలేదు. ఆటలు, అంత్యాక్షరి, పరిచయాలు. "నన్ను అక్కలా అనుకోండి" అన్నాను. పిల్లలు సంతోషంగానే ఉన్నారు. కానీ ఆ వారంలో మాట్లాడింది ఎవరు? ఎప్పుడూ మాట్లాడే పదిమందే. మిగతా వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పాఠం మొదలుపెట్టి "ఇక చాలు, పుస్తకాలు తీయండి" అంటే వాళ్లకు నచ్చలేదు. గొంతు పెంచాల్సి వచ్చింది. మొన్నటిదాకా అక్కలా ఉన్న మనిషి ఇవాళ కసురుకుంటే పిల్లల మనసు ఎంత విరుగుతుందో ఆ నెలలో చూశాను. మొదట్నుంచీ గంభీరంగా ఉండే టీచరు కసిరితే వాళ్లకంత బాధ ఉండదు.

ఆ పరిచయాల్లోనే ఇంకో పొరపాటు చేశాను. ఒక్కొక్కరినీ లేపి పేరు చెప్పమని, నాన్నగారు ఏం చేస్తారో చెప్పమని అడిగాను. మనందరికీ అలవాటైన ప్రశ్న. మూడో వరసలో ఒక అబ్బాయి లేచాడు, పేరు చెప్పాడు, ఆగిపోయాడు. వెనక నుంచి ఎవడో "వాళ్ల నాన్న లేడు టీచర్" అన్నాడు. వాడు ఏడవలేదు, కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నా వైపు చూడలేదు. పేరు తర్వాత తండ్రి ఉద్యోగం అడగడం దయచేసి మానేయండి. తండ్రి దూరమైనవాళ్లు, తండ్రి తాగుడుతో నలిగేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందరి ముందూ వాళ్ల చేత చెప్పించడం వల్ల మనకొచ్చే లాభం ఏమీ లేదు.

ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు నేను పగ్గమే చెబుతాను, అవమానించకుండా ఉండే పగ్గం. ఇచ్చిన చనువు వెనక్కి తీసుకోవడం కంటే, అది కొంచెం కొంచెంగా ఇవ్వడం మేలు. కానీ ఒకటే ఎంచుకోవాల్సిన అవసరం లేదని ఆ తర్వాతి ఏళ్లలో తెలిసింది. ఇప్పుడు నేను చేసేది మూడో పద్ధతి: పాఠం మొదటి రోజే మొదలవుతుంది, పరిచయం పాఠం పక్కనే జూన్ అంతా నడుస్తుంది.

రూల్స్ మూడే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి. తప్పు జవాబు వస్తే ఎవరూ నవ్వకూడదు. తెలియకపోతే చెయ్యెత్తి అడగాలి. ఈ మూడూ నాకూ వర్తిస్తాయని చెబుతాను, పాటిస్తాను. శుక్రవారానికి నోట్సులు దిద్ది ఇస్తానని అంటే శుక్రవారానికే ఇచ్చేస్తాను. పిల్లలు మన మాటల కంటే ఇలాంటివే ఎక్కువ గమనిస్తారు.

పీరియడ్ మొదట్లో గుమ్మం దగ్గర నిలబడతాను. మనకు అందరూ ఒకేసారి లేచి రాగం తీస్తూ గుడ్ మార్నింగ్ చెప్పడం అలవాటు. అందులో ఒక్క పిల్లాడి మొహమైనా మనకు కనిపించదు. గుమ్మం దగ్గరైతే ఒక్కొక్కరూ పేరుతో పలకరింపు అందుకుని లోపలికి వెళ్తారు, బోర్డు మీద ఉన్న మొదటి లెక్క మొదలుపెడతారు. అమెరికాలో పది మిడిల్ స్కూల్ తరగతి గదుల్లో ఇలా చేసి చూసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. పలకరించి, చేయాల్సిన పని ముందే చెప్పి పంపిన గదుల్లో పిల్లలు పాఠం మీద నిలిచిన సమయం 20 శాతం పాయింట్లు పెరిగింది, అల్లరి 9 శాతం పాయింట్లు తగ్గింది. మన గదులు వాళ్ల గదుల్లాంటివి కావు, మన దగ్గర పిల్లలూ ఎక్కువే. అయినా నా తరగతిలో మొదటి అయిదు నిమిషాల గోల తగ్గిందని మాత్రం చెప్పగలను. మాలాగా ఒకే గదిలో పిల్లలు కూర్చుని టీచర్లు మారే బళ్లలో ఉదయం మొదటి పీరియడ్‌కీ, భోజనం తర్వాతి పీరియడ్‌కీ మాత్రమే ఇది కుదురుతుంది. అదైనా చాలు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. రిజిస్టర్లో ఇంటిపేరు ముందుంటుంది, ఆ తర్వాత మూడు పేర్లు. వెంకట సాయి అని మొదలయ్యేవాళ్లే నలుగురుంటారు. ఇంట్లో పిలిచే పేరు వేరు. అందుకని మొదటి రోజు పావు కాగితం చీటీలు పంచుతాను. మూడు ప్రశ్నలు: నిన్ను ఏమని పిలవాలి? లెక్కల్లో నీకు భయం దేనికి? నాకు తెలిస్తే మంచిదని నువ్వనుకునేది ఏమైనా ఉందా? మూడోది రాయకపోయినా ఫర్వాలేదని చెబుతాను. సగంమంది రాయరు. రాసినవాళ్లు రాసేవి చదివాక ఆ రాత్రి నిద్ర పట్టదు. "మా అమ్మ ఊళ్లో లేదు, తమ్ముడికి నేనే అన్నం పెట్టి వస్తాను" అని ఒక ఏడాది ఒక పిల్ల రాసింది.

"ఇంతమందితో విడిగా మాట్లాడే టైమ్ ఎక్కడిది?" అని తోటి టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జూన్‌లో అడ్మిషన్లు, కిట్లు, యాప్‌లో ఎంట్రీలు అన్నీ మన మీదే పడతాయి. కానీ లెక్క వేసి చూడండి. 45 మంది, మనిషికి రెండు నిమిషాలు, మొత్తం 90 నిమిషాలు. రోజుకు ముగ్గురితో మాట్లాడితే 15 పనిదినాల్లో అందరూ అయిపోతారు. మధ్యాహ్న భోజనం లైన్లో ఒకరు, ఇంటర్వెల్‌లో ఒకరు, బడి వదిలాక సైకిల్ తీసుకునేటప్పుడు ఒకరు. చదువు గురించి అడగక్కర్లేదు. కబడ్డీ గురించి, పెంచుకునే పావురాల గురించి మాట్లాడినా చాలు.

ఇంటితో పరిచయానికి ఫోన్ మేలా, వెళ్లి రావడం మేలా అన్నది వేరే లెక్క. ఫోన్ తేలిక, కానీ అందరికీ కుదరదు. గుంటూరులో మా పిల్లల తల్లులు చాలామంది మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేవాళ్లు. చేతులు మండుతుంటాయి కాబట్టి పనిలో ఉండగా ఫోన్ ముట్టుకోరు. సాయంత్రం తీసినా, బడి నుంచి ఫోన్ అనగానే "మావాడు ఏం చేశాడు మేడం?" అని కంగారు పడతారు. ఆ కంగారు పోవాలంటే మొదటి ఫోన్ మంచి మాట చెప్పడానికే చేయాలి. ప్రభుత్వం 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టింది, రెండోది 2025 జులై 10నే జరిగింది. డిసెంబర్ కంటే జులై ఎంతో నయం. అయినా ఆ జనంలో ఒక్కో తల్లితో రెండు మాటలకు మించి కుదరవు.

వెళ్లి వస్తే తెలిసేది వేరు. విజయవాడ వన్‌టౌన్ వైపు కొండ మీద ఇళ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. రోజూ పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చే ఒక అబ్బాయి ఇంటికి ఓ శనివారం సాయంత్రం వెళ్లాను. నూటికి పైగా మెట్లు. కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. సగం దూరంలోనే నాకు ఆయాసం వచ్చి ఓ అరుగు మీద కూర్చున్నాను. నా పక్క నుంచే వాడు బిందె భుజాన పెట్టుకుని పైకి వెళ్తూ నన్ను చూసి ఆగిపోయాడు. బిందె దించలేదు, దించితే మళ్లీ ఎత్తేవాళ్లు ఉండాలి. "రండి టీచర్, ఇంకొంచెమే" అన్నాడు. పొద్దున్న కూడా నీళ్లు ఎక్కించాకే బడికి బయల్దేరతాడని వాళ్ల నాయనమ్మ చెప్పింది. అంతకుముందు రెండు వారాలు నేను వాణ్ణి తలుపు బయట నిలబెట్టాను. ఆ సోమవారం నుంచి హాజరు చివర్లో తీసుకున్నాను. వాడు నెల తిరక్కముందే టైముకి రావడం మొదలుపెట్టాడు, ఎలా సర్దుకున్నాడో నేను అడగలేదు.

అందరి ఇళ్లకూ వెళ్లలేం. నేను జూన్, జులై కలిపి ఆరేడు ఇళ్లకు వెళ్తాను. చీటీలో బరువైన మాట రాసినవాళ్లు, తరచూ మానేసేవాళ్లు, ఏమీ రాయకుండా ఖాళీ చీటీ ఇచ్చినవాళ్లు. మిగతా వాళ్లకు ఫోన్.

పదో తరగతికైతే ఇదంతా వారంలో ముగించాలి, వాళ్లకు సిలబస్ టెన్షన్ ఉంటుంది. చిన్న తరగతుల్లో చీటీల బదులు బొమ్మ గీయించినా చాలు.

ఈ జూన్‌కి చీటీలు కోసి బీరువాలో పెట్టుకున్నాను. ఈసారి నాలుగో ప్రశ్న కూడా చేర్చాను: నువ్వు కూర్చున్న చోటి నుంచి బోర్డు మీద మైనస్ గుర్తు కనిపిస్తోందా?