ఇమ్మిచ్: కొండ ఫొటోలకి ఇంట్లోనే ఒక చోటు

ఫొటోలు టెరాబైట్ల లెక్కకి చేరినవాళ్ళు, ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఊరికే పడి ఉన్నవాళ్ళు, ఫొటోలు దాచుకోవడానికి ఇమ్మిచ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. నా మాట ముందే చెప్పేస్తున్నాను. అట్లని క్లౌడ్ మానేయమని చెప్పను, నేనూ మానలేదు.

నేను తిరుపతిలో బోటనీ లెక్చరర్ని. పెళ్ళిళ్ళు, బారసాలలు, పిల్లల స్కూలు ఫంక్షన్లు అందరి ఇళ్ళల్లో ఉన్నట్టే మా ఇంట్లోనూ ఉన్నాయి. వాటికి తోడు శేషాచలం కొండల్లోని చెట్లు. ఒక్కో మొక్కకి ఆకు ముందువైపు, వెనకవైపు, పువ్వు, కాయ, బెరడు, దూరం నుంచి మొత్తం చెట్టు, అన్నీ తీస్తాను. కెమెరా తీసింది తీసినట్టు ఉంచే పెద్ద 'రా' ఫైళ్ళతో కలిపి ఒకటిన్నర టెరాబైట్ దాటింది. 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పటినుంచీ అన్నీ అందులోకే పోయేవి. 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమిత స్టోరేజీ ఆగిపోయి, మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి 15 జీబీ మిగిలింది. నెలకి 650 రూపాయల లెక్కన రెండు టెరాబైట్ల ప్లాన్ తీసుకున్నాను. సర్వీసు బాగుంది, డబ్బుకీ బాధ లేదు.

నాకు పట్టుకున్న దిగులు వేరే. సింక్ చేసుకుంటే ఫొటోలు భద్రం అని అందరూ అనుకుంటారు. సింక్ పని రెండు వైపులా ఒకేలా ఉంచడం. ఫోన్‌లో సింక్ అయిన ఫొటో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లో తీసేస్తే ఫోన్‌లోనూ పోతుంది. గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి. ఐఫోన్ వాళ్ళకి దాదాపు నెల. ఆ గడువులోపల చూసుకోకపోతే అంతే. మా కాలేజీలోనే ఒక మేడమ్‌కి, పేరెందుకులెండి, పాత సిమ్ నంబరు రద్దయింది. తర్వాత ఫోన్ పాడై కొత్తది కొన్నారు. క్లౌడ్ అకౌంట్ తెరవబోతే ఓటీపీ ఆ పాత నంబరుకే పోతుంది. కూతురి చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే. ఫొటోలు ఎక్కడికీ పోలేదు, ఆమె చేతికి మాత్రం రావు. ఆమె ఏడుస్తూ చెప్పినప్పుడు, నా దగ్గర కూడా ఒక పూర్తి కాపీ ఉండి తీరాలి అనుకున్నాను.

ఇమ్మిచ్ అంటే గూగుల్ ఫొటోస్ చేసే పనుల్లో చాలావాటిని మన ఇంటి కంప్యూటర్‌లోనే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. ఫోన్ యాప్ ఉంది, తీసిన ఫొటోలు దానంతట అవే ఇంటి డిస్క్‌లోకి చేరతాయి. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. చాన్నాళ్ళు ఇంకా తయారవుతోంది, దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు అని వాళ్ళే రాసుకున్నారు. 2025 అక్టోబరులో 2.0 వచ్చి, స్థిరమైన వెర్షన్ అని ప్రకటించినారు. నాకు పెట్టిచ్చింది నా పాత స్టూడెంట్, ఇప్పుడు కంప్యూటర్ల పని చేస్తున్నాడు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మా పాత డెస్క్‌టాప్‌లో లినక్స్, దాని మీద ఇమ్మిచ్ నడవడానికి డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, నాలుగు టీబీ డిస్క్ తగిలించినాడు. "మేడమ్, ర్యామ్ ఇంకొంచెం ఉంటే బాగుంటుంది గానీ, దీనికి నడుస్తుంది" అన్నాడు. నడుస్తోంది. మొదట్లో ముఖాలు గుర్తుపట్టే పని నడిచినన్నాళ్ళూ ఫ్యాన్ ఆగకుండా తిరిగింది, అది అయిపోయినాక సద్దుమణిగింది.

ఓపిక పట్టాల్సిన పని ఒక్కటే, క్లౌడ్ నుంచి దించుకోవడం. మన డేటా దించుకోవడానికి గూగుల్‌దే టేకౌట్ అనే పేజీ ఉంది, అందులో అడిగితే జిప్ ఫైళ్ళుగా ఇస్తుంది. 50 జీబీ సైజు ఎంచుకోండి, లేకపోతే వందల ఫైళ్ళు అవుతాయి. లింకులు వారంలో గడువు తీరిపోతాయి కాబట్టి నెట్ బాగుండే రోజులు చూసుకోండి. ఇక్కడ ఒక విషయం తెలిసి ఉండాలి. కెమెరా రాసిన తేదీ ఫొటో ఫైల్‌లోపలే ఉంటుంది. మనం తర్వాత చేత్తో సరిచేసిన తేదీ, రాసుకున్న వివరణ మాత్రం పక్కన జేసన్ అనే ఇంకో ఫైల్‌లో వస్తాయి. మా జేజి పెళ్ళి ఫొటో స్కాన్ చేసి 1958 అని తేదీ పెట్టినాను. జేసన్ వదిలేసి ఫొటో ఒక్కటే కాపీ చేసుకుంటే అది స్కాన్ చేసిన రోజు కింద చేరిపోతుంది. ఇమ్మిచ్-గో అనే చిన్న ప్రోగ్రాం ఆ రెండింటినీ జతచేసి లోపలికి ఎక్కిస్తుంది. జేజి 1958లోనే ఉంది.

తేదీ నాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. తిరుమల కొండల్లో పెరిత అనే మొక్క ఉంది, శాస్త్రీయనామం సైకస్ బెడ్డోమి. ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. మగ మొక్క శంకువుని మందుల కోసం కోసుకుపోతారు. ఎండాకాలం కొండ అంటుకుంటే ఆకులన్నీ మాడిపోయి నల్లటి మోడు మిగులుతుంది, కొన్నాళ్ళకి దాని నడినెత్తి నుంచి లేతాకుపచ్చ ఆకులు కట్టగా లేస్తాయి. ఒకే మొక్కని మంటకి ముందు, మాడినాక, చిగురించినాక తీసిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. తేదీ, లొకేషన్ ఉంటేనే అవి ఒకే మొక్క కథ. అవి ఊడిపోతే మూడు వేరే వేరే బొమ్మలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపినవాటిల్లో ఈ వివరాలు ఊడిపోతాయి, సైజూ తగ్గిపోతుంది. ఇమ్మిచ్ అయితే అసలు ఫైల్‌ని ముట్టుకోదు, ఎట్లా ఇచ్చినామో అట్లే డిస్క్‌లో ఉంచుతుంది. సెట్టింగ్‌లో చెప్తే సంవత్సరం, నెల ఫోల్డర్లుగా సర్దుతుంది. రేపు ఇమ్మిచ్ లేకపోయినా ఆ ఫోల్డర్లు ఏ కంప్యూటర్‌లో అయినా తెరుచుకుంటాయి. నా లెక్కలో దీని అన్నిటికన్నా గొప్ప గుణం ఇదే.

లొకేషన్ సంగతికి వస్తే, మా వైపు అది ప్రాణం మీది విషయం. ఎర్రచందనం మాను ఫొటోలో అక్షాంశం, రేఖాంశం ఉన్నాయంటే కొట్టేవాళ్ళకి దారి చూపించినట్టే. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే లొకేషన్ కూడా ఫొటోతోపాటు అవతలివాళ్ళకి చేరుతుందని మా స్టూడెంట్లకి క్లాసులోనే చెప్తాను. ఇమ్మిచ్‌లో లింక్ ఇచ్చేటప్పుడు ఫొటో వివరాలు చూపించవద్దని పెట్టొచ్చు, పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టొచ్చు. నేను బయటివాళ్ళకిచ్చే ప్రతి లింక్‌కీ ఈ మూడూ పెడతాను. పరిశోధన చేసే పిల్లలు లొకేషన్ అడిగితే ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తాను, పంపను.

వెతకడం బాగుంది. మా అమ్మ ముఖాన్ని నల్లజుట్టు రోజులనుంచి ఇప్పటి తెల్లజుట్టు దాకా ఒకే మనిషిగా పట్టుకుంది, అక్కడక్కడా మా పిన్నితో కలిపేస్తే నేను విడదీసినాను. మాటతో ఫొటోలు వెతికిపెట్టే ఏఐ మోడల్ ఒకటి ఇందులో ఉంటుంది, మొదట వచ్చేదానికి ఇంగ్లీషే తెలుసు. సెట్టింగుల్లో పలు భాషల మోడల్ మార్చుకుంటే "చెరువు గట్టు" అని తెలుగులో కొట్టినా వెతుకుతుంది. మొక్కల పేర్లు మాత్రం దానికి రావు. మొగి చెట్టుకీ నేరేడుకీ తేడా అది చెప్పలేదు, పేరు మనమే వివరణలో రాసుకోవాలి.

ఇక భద్రత. ఇమ్మిచ్ పెట్టగానే పని అయిపోలేదు. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఊరి బయట అనే పద్ధతిని ఇమ్మిచ్ తయారుచేసినవాళ్ళే పాటించమంటారు. 2021 నవంబరులో తిరుపతిలో వరద చూసినవాళ్ళకి ఆ ఊరి బయటి కాపీ ఎందుకో చెప్పనక్కర్లేదు. ఎం.ఆర్. పల్లిలో మా బంధువుల ఇంట్లో కింద గదిలోకి నీళ్ళొచ్చి పెళ్ళి ఆల్బమ్‌లు అట్టలు అట్టలుగా అతుక్కుపోయినాయి. పక్కనే ఉన్న సీపీయూ కూడా మునిగింది. ఒకే ఇంట్లో ఎన్ని కాపీలు పెట్టినా నీళ్ళకి ఒక్కటే లెక్క. అందుకే నా రెండో డిస్క్ చిత్తూరులో, గ్రీమ్స్‌పేటలో మా చెల్లెలి బీరువాలో ఉంటుంది. పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోకుండా ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టినాను. జాతరకో, పండక్కో పోయినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటాను. "అక్కా, ఇది తెచ్చినావా, ముందు బీరువాలో పెట్టు, తర్వాత కాఫీ" అంటుంది ఇప్పుడు. తెచ్చినదాన్ని చెరిపి మళ్ళీ కాపీ చేసేముందు తగిలించి, పాత సంవత్సరాల ఫోల్డర్లు కొన్ని తెరిచి చూస్తాను. తెరిచి చూడని డిస్క్‌ని బ్యాకప్ అని నేను లెక్కపెట్టను. మూడో కాపీ క్లౌడే, అందుకే దాన్ని మానలేదు. గూగుల్ అకౌంట్‌ని రెండేళ్ళు అసలు వాడకపోతే తీసేసే అధికారం వాళ్ళకి ఉంది కాబట్టి, అమ్మ పేరు మీదున్న అకౌంట్‌ని కూడా అప్పుడప్పుడూ తెరుస్తుంటాను.

ఒక జాగ్రత్త. ఆల్బమ్‌లు, ముఖాల పేర్లు ఇమ్మిచ్ డేటాబేస్‌లో ఉంటాయి, ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే అవి రావు. డేటాబేస్ కాపీని రోజూ రాత్రి అదే తీసి పెడుతుంది, దాన్ని కూడా డిస్క్‌లోకి తీసుకోండి. కరెంటు పోయి వచ్చే ఇళ్ళల్లో యూపీఎస్ తప్పనిసరి. బయటినుంచి చూసుకోవడానికి రౌటర్‌లో పోర్ట్ (బయటి నెట్ నుంచి లోపలికి దారి) తెరవకండి, మన ఫోన్లకి మాత్రమే దారి ఇచ్చే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టించుకోండి. అప్‌డేట్ చేసేముందు ఆ వెర్షన్ గురించి వాళ్ళు రాసింది చదవండి.

ఇంట్లో ఈ పని చూసుకునే మనిషి లేకపోతే మాత్రం ఇమ్మిచ్ జోలికి పోవద్దు. అట్లాంటివాళ్ళకి 'ఎంటే' (Ente) అనే ఫొటోల సర్వీసు ఉంది. అదీ క్లౌడే, కానీ ఫొటోలు ఫోన్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయినాకే క్లౌడ్‌కి చేరతాయి కాబట్టి కంపెనీవాళ్ళు కూడా చూడలేరు. దాని డెస్క్‌టాప్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ పెట్టి వదిలేస్తే కొత్త ఫొటోలు వచ్చినవి వచ్చినట్టు మన డిస్క్‌లోకి దిగుతుంటాయి. రికవరీ కీ అని ఇరవైనాలుగు మాటలు ఇస్తారు. పాస్‌వర్డ్ మర్చిపోయినరోజు అవి లేకపోతే కంపెనీ కూడా ఏమీ చేయలేదు. ఆ ఎక్స్‌పోర్ట్, ఆ కాగితం ఉంటే మా కాలేజీ మేడమ్‌కి వచ్చిన కష్టం రాదు. ఆమెకి ఇప్పుడు కొత్త ఫోన్‌లో నేను పెట్టిచ్చింది ఇదే. ఆ మాటలు కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతోపాటు పెట్టుకున్నారు.